పైసల పైడమ్మ

నాన్న పెద్దదినానికి మా ఊరు జీలుగుమెట్ట వెళ్ళిన ఆ రెండు రోజుల గురించి ఇన్నాళ్ళూ రాయలేదు. అమ్మ ఉండగా రాయకూడని సంగతి ఒకటి అందులో ఉంది. నిరుడు అమ్మ కూడా వెళ్ళిపోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. అనంతగిరి దాటాక బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో ఇక ఎక్కలేనన్న చోటి నుంచి నడిచాను. ఊరికి పైనున్న మలుపులో ఎప్పుడూ లేనిది కార్లు వరసగా ఆగి ఉన్నాయి. మా గని ఉండిన చోట నీళ్ళు నిలిచాయి. చుట్టూ తెల్లటి రాతి గోడలు, లోతుగా ఆకుపచ్చటి నీళ్ళు. ఎవరో ఫోనులో పెట్టిన వీడియో చూసి విశాఖపట్నం నుంచి కుర్రకారంతా వస్తున్నారట. దారి పక్కన బొంగు చికెన్ పొయ్యిలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఫొటోల కోసం అద్దెకిచ్చే ధింసా చీరలు. కొత్తగా పెళ్ళయినట్టున్న ఒకమ్మాయి నా చేతిలో ఫోను పెట్టి ఫొటో తీయమని, "ఆంటీ, ఈ రాళ్ళకి సున్నం ఎవరేశారు?" అని అడిగింది. సున్నం కాదమ్మా, లోపలంతా అలాగే ఉంటుంది, మా నాన్న పగలగొట్టాడు అన్నాను. ఆమె నవ్వేసి ఫొటో సరిగా వచ్చిందో లేదో చూసుకుంది. నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీదా, ఆ నీళ్ళ మీదా, ఎవరి మీదో నాకే తెలియలేదు. నా కోపాలు చాలావరకు అలాంటివేనని మా ఆయన రోజూ అంటూనే ఉంటాడు.

బొగ్గు గనులున్న ఊళ్ళలో అన్నీ నల్లగా ఉంటాయంటారు. మాది తెల్ల గని. సున్నపురాయి జాతిదే, పాలలా మెరిసే రాయి. దాన్ని పొడి చేసి రంగుల్లోనూ పింగాణీలోనూ కలుపుతారని చెప్పేవారు. లారీలు ఎక్కీ దిగీ మా ఊరి మీద ఆ పొడి చల్లుతూనే ఉండేవి. పనస ఆకులు తెల్లగా, ఆవుల వీపులు తెల్లగా, గడపలు తెల్లగా. మా నానమ్మ నీళ్ళ కుండ మీద అడ్డాకు కప్పి, ఆ ఆకు మీద ఇంకో ఆకు కప్పి, తాగే ముందు రెండింటినీ విదిలించి దులిపేది. అయినా అంబలి అడుగున పంటికింద కరకరమనేది. నాన్న బట్టలు అమ్మ మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. గెడ్డలో ఆఖరున ముంచేది. నీళ్ళు పాలలా పారేవి. అమ్మ చేతులకి ఎప్పుడూ చోడిపిండి వాసన, నాన్న ఒంటికి ఎప్పుడూ పేలిన మందు వాసన. ఆ వాసన గాఢంగా ఉన్న రోజు నాకు తలనొప్పి వచ్చేది. అయినా ఆయన పక్కనే పడుకునేదాన్ని.

నాన్న పేరు సింగన్న, అమ్మ పేరు పైడమ్మ. గనిలో రాయి పేల్చే పని ఆయనది, దానికి సర్కారు ఇచ్చిన కార్డు కూడా ఉండేది. మందు ఉంచే గది తాళం ఆయన మొలతాడుకే ఉండేది. పగలంతా రాతికి కన్నాలు వేయించి, సాయంత్రం అందరూ దిగిపోయాక ఒక్కడే ఉండి వాటిలో మందు కూరి, వత్తులు అంటించి, పరుగున వచ్చి బండ చాటున కూర్చునేవాడు. ఎన్ని అంటించాడో అన్ని చప్పుళ్ళూ వినిపిస్తేనే లేచేవాడు. ఇంటి దగ్గర అమ్మ కూడా పొయ్యి ముందు కూర్చుని వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టేది. ఎన్ని కన్నాలో నాన్న పొద్దున్నే చెప్పి వెళ్ళేవాడు. ఆఖరిది వినపడేదాకా అమ్మ మాతో మాట్లాడేది కాదు. అయ్యాక ఎసట్లో బియ్యం పోసేది. ఆమెకి ఆ భయం ఊరికే పట్టలేదు. పక్క కొండ మీది గనిలో ఇలాగే ఒక కన్నం పేలకుండా ఉండిపోయింది. తెలియక మర్నాడు దాని పక్కనే డ్రిల్లు పెట్టిన కూలీ ముక్కలైపోయాడు. మందు పెట్టిన మనిషి చెప్పకుండా ఇంటికి పోయాడని పోలీసులు పట్టుకుపోయారు. ఆయన పెళ్ళాం పిల్లల్ని తీసుకుని సంతలో అడ్డాకుల కట్టలు అమ్ముకుంటూ కనిపించేది. ఆమె కనిపించినప్పుడల్లా మా అమ్మ అవసరం లేకపోయినా ఒక కట్ట కొనేది.

ఆ ఏడు చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. విత్తనాలు దేవుడి దగ్గర పెట్టి పూజారి మంత్రించాక మగవాళ్ళంతా వేటకి అడవి పడతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఊళ్ళో ఎవరూ ఇనుముతో నేల ముట్టకూడదు. నాగలి కాదు, గునపం కాదు, చివరికి దుంప తవ్వే చిన్న బొరిగె కూడా కాదు. ముట్టినవాడు ఊరికి తప్పు కట్టి, ఏడాదంతా పంట పాడైన ప్రతి ఇంటి దగ్గరా మాట పడాలి. గని యజమానులకి ఇది తెలుసు, అందుకే పండగకి పని ఆపేవారు. మగవాళ్ళు లేని ఆ రోజుల్లో ఊరు ఆడవాళ్ళది. దారికి అడ్డంగా పొడవాటి వాసం పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి, పాట పాడి డబ్బులు అడుగుతారు. ఇచ్చినంత తీసుకుని నవ్వుకుంటూ వాసం ఎత్తేస్తారు. ఒకసారి ఇచ్చినవాణ్ణి మళ్ళీ అడగడం మాత్రం లేదు. అది అడుక్కోవడం అవుతుంది, పండగ కాదు. వేట దొరక్కుండా ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు పోసే హక్కు కూడా ఆడవాళ్ళదే. ఏడాదికి ఒకసారి దొరికే హక్కు కాబట్టి ఎవరూ వదులుకునేవారు కాదు.

పండగ ముందు సాయంత్రం ఒక చప్పుడు తక్కువ వినిపించింది. అమ్మ ముడిచిన వేళ్ళు అలాగే పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది. చీకటి పడుతుండగా నాన్న వచ్చాడు. నేను చాప మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. వాళ్ళు నేను నిద్రపోయాననుకున్నారు.

"ఒకటి ఉండిపోనాది," అన్నాడు నాన్న. "ఇప్పుడు ముట్టుకోకూడదు. దాని పక్కన ఇంకో కన్నం ఏసి పేల్సాల. తెల్లారితే ఇనుము ముట్టడానికి లేదు."

"మేస్త్రికి సెప్పినావేటి?"

"ఆడు మజ్జానమే దిగిపోనాడు. సెప్పినా నా కార్డు తీసుకుంటాడు. ఇంకేటైనా అయితే కేసెడతారు." అన్నాడు నాన్న. "పండగలో కొండెవడెక్కుతాడు. ఆ కన్నం కాడ మామిడి మండ పాతినాను. వేట నుంచొచ్చి సూసుకుంటాను."

"ఎవులైనా ఎక్కితే?"

"ఎక్కరు," అన్నాడు నాన్న. తెల్లవారి ఆయన విల్లు తీసుకుని మిగతావాళ్ళతో అడవికి పోతుంటే అమ్మ గడపలో నిలబడి చూసింది. మామూలుగా ఆ రోజు ఆమె నవ్వుతూ, ఉత్త చేతులతో వస్తే పేడ కలిపి ఉంచుతానని బెదిరించేది. ఆ ఏడు ఏమీ అనలేదు.

రెండో రోజు పొద్దెక్కాక నేను మా గురువమ్మత్తతోనూ మిగతా ఆడవాళ్ళతోనూ వాసం దగ్గర ఉన్నాను. గురువమ్మత్త నాన్నకి స్వయానా చెల్లెలు. మా ఊళ్ళో అంత గట్టి గొంతు ఇంకొకరికి లేదు. కింది నుంచి గని లారీ వచ్చింది. వెనక కంప్రెషర్ కట్టుకుని, మీద పదిమంది దాకా కూలీలతో. వాళ్ళు మా వాళ్ళు కారు, గజపతినగరం వైపు నుంచి తెచ్చినవాళ్ళు. ముందు సీట్లో సత్యం మేస్త్రి. రాయి అర్జెంటుగా కావాలట, పండగ మీకు గాని మాకు కాదు కదా అన్నాడు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. కూలీలు లారీ మీంచే చిందులేశారు. మేస్త్రి జేబులోంచి తీసి ఇచ్చాడు. గురువమ్మత్త వాసం ఎత్తింది. నేను కూడా ఒక చెయ్యి వేశాను. లారీ మలుపు తిరిగి కనపడకుండా పోయాక గాని అది ఎక్కడికి పోతోందో నా బుర్రకి తట్టలేదు. తట్టగానే గెడ్డ దగ్గరకి పరిగెత్తాను. అమ్మ అప్పటికే తడి బట్టలు రాతి మీద వదిలేసి ఎదురొస్తోంది. లారీ శబ్దం పైకి పోవడం ఆమె కూడా వింది.

"ఎంతమందే?" అంది.

"పదిమందుంటారు. మిసను కూడా అట్టుకెల్తన్నారు."

అమ్మ దారి పట్టలేదు, అడ్డంగా కొండ ఎక్కింది. ముళ్ళకంపల్లోంచి ఎక్కుతూ వెనక్కి తిరగకుండానే, "నువ్వు నోరు మెదపకు. ఏటడిగినా నీకేటీ తెల్దు," అంది. నాకు ఆయాసంతో మాట రావడం లేదు. ఏ క్షణాన డ్రిల్లు మొదలవుతుందో అని చెవులు పైనే ఉన్నాయి. కంప్రెషర్ దడదడమని అందుకుంది. అమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపి చేతులూ కాళ్ళూ కలిపి పాకింది.

మేం పైకి చేరేసరికి ఒక కూలీ మామిడి మండని పట్టుకుని పీకబోతున్నాడు. డ్రిల్లు పట్టేవాడు పైపు బిగిస్తున్నాడు. అమ్మ ఆ కూలీ చెయ్యి విదిలించి, మండ పక్కన, సరిగ్గా ఆ చోట, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పని చేసే చోటు చాలా ఇరుకు. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క లోయ. మనిషి అలా కూర్చుంటే ఇక డ్రిల్లు పెట్టడానికి జాగా లేదు. ఆమె కింద ఏముందో అక్కడ మా ఇద్దరికే తెలుసు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు మేస్త్రి.

"పండగ డబ్బులు," అంది అమ్మ.

"కింద ఇచ్చీసినాం కదా."

"అది దారికి. ఇది కొండకి. మండ పాతిన కాడ ఏరే ఇయ్యాల."

అలాంటి ఆచారం మా ఊళ్ళో లేదు. మేస్త్రి నవ్వి నోటొకటి తీసి ఆమె ఒళ్ళో పడేశాడు. అమ్మ తీసి కొంగున ముడేసుకుంది గాని లేవలేదు. "సాలదు," అంది. అతను మరొకటి ఇచ్చాడు. మళ్ళీ సాలదంది. కూలీలు నవ్వుతూ తలా కొంత విసిరారు. డబ్బులు రాళ్ళ మీద దొర్లిపోతుంటే ఏరుకోకుండా కూర్చుంది. అప్పటికి వాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. తెల్ల రాయి మీద ఎండ కళ్ళు తెరవనివ్వదు. అమ్మ నుదుటి మీంచి చెమట కారి గడ్డం మీద ఆగి కింద పడుతోంది. తుడుచుకోవడం లేదు.

కాసేపటికి గురువమ్మత్తా మిగతావాళ్ళూ ఎక్కి వచ్చారు. సంగతి చూసి అత్త నోరు తెరిచింది. "ఒదినా, ఇదేటి? ఒకసారి తీసుకున్నాం కదా. లెగు, లెగు. ఊరి పరువు తీత్తన్నావు," అంది. అమ్మ ఆమె వైపు చూడలేదు. "మేకపోతునిత్తే లెగుత్తాను," అంది మేస్త్రితో. ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. నాకు అరవాలనిపించింది. ఆమె అడుక్కోవడం లేదు, మిమ్మల్నే కాపాడుతోంది అని. కాని అరిస్తే నాన్నని పట్టుకుపోతారు. అరవకపోతే అమ్మ అక్కడే ఉంటుంది.

మేస్త్రికి కోపం వచ్చింది. "మొదలెట్టరా, అదే లెగుత్తాది," అన్నాడు డ్రిల్లు పట్టేవాడితో. వాడు మిషన్ ఎత్తి అమ్మకి బారెడు దూరంలో రాతి మీద ఆనించాడు. ఒక్కసారి గుర్రుమంది. రాయి అదరడం నా అరికాళ్ళకే తెలిసింది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. డ్రిల్లు పట్టిన ఆ మనిషి ఎవరో, పేరేమిటో తెలియదు గాని మిషన్ ఆపి కింద పెట్టేశాడు. "మనిషి కూకుంటే నానెలా కొడతాను? సిప్పలెగిరితే కళ్ళు పోతాయి. నావల్ల కాదు," అన్నాడు. మేస్త్రి అతన్నీ తిట్టాడు, అమ్మనీ తిట్టాడు, మా జాతి మొత్తాన్నీ తిట్టాడు. అమ్మ మేకపోతు మాటే మళ్ళీ మళ్ళీ అంది. పొద్దు వాలేదాకా అంతే. చివరికి లారీ ఎక్కుతూ, "రేపు పొద్దున్నే ఒత్తాను. ఇరవై మందిని తెత్తాను. ఎత్తి అవతల పడేత్తాను," అన్నాడు. లారీ దిగిపోయాక కూడా అమ్మ వెంటనే లేవలేదు. లేవబోతే కాళ్ళు పట్టేశాయి. ఆడవాళ్ళెవరూ చెయ్యి అందించలేదు. నేనే పట్టుకుని దింపాను. కొంగులోని డబ్బు విప్పి గురువమ్మత్త ముందు పెడితే అత్త తీసుకోకుండా వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున నాన్న ఒక్కడే వచ్చాడు. వేట మధ్యలో వదిలి రాకూడదు. ఏదో జంతువు జాడ పట్టుకుని తప్పిపోయినట్టు చేసి వచ్చేశాడట. మనసు ఆగలేదన్నాడు. అమ్మ రెండు మాటల్లో జరిగింది చెప్పింది. ఆయన అటక మీంచి సుత్తీ, రాతిలో దించే పొడుగాటి ఉలీ తీసుకుని కొండెక్కాడు. పండగ పూట ఇనుము. అమ్మ గడప మీద కూర్చుంది, నేను ఆమె పక్కన. వెలుగు రాకముందే పైనుంచి సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. టంగు, టంగు. ఊరంతా నిశ్శబ్దంగా ఉందేమో, ప్రతి దెబ్బా మా వీధిలోనే కొట్టినట్టుంది. దెబ్బ వినిపిస్తే, ఇప్పుడు ఆ పాత కన్నానికి తగిలితే అని భయం. వినిపించకపోతే ఇంకా భయం. గురువమ్మత్త తన వాకిట్లోంచి వచ్చి మా ముందు నిలబడింది.

"కొండ మీద ఎవులో ఇనుము కొడతన్నారు," అంది.

"నాకేటి తెలుసు," అంది అమ్మ.

అత్త అమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి వాసం వైపు వెళ్ళిపోయింది. పొద్దు పొడిచింది. సుత్తి ఆగలేదు. ఇంతలో కింద ఘాట్ రోడ్డు మలుపులో లారీ హారను వినిపించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విరిగిపోతుందనుకున్నాను. లారీ వాసం దాటితే పైకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. మేస్త్రి నాన్నని ఆ కన్నం పక్కన చూస్తే అమ్మ అంత ఎండలో కూర్చున్నదంతా మట్టిలో కలిసిపోతుంది. నన్ను పంపింది, ఏమవుతోందో చూసి రమ్మని.

వెళ్ళేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా దారిలో ఉన్నారు. ముసలివాళ్ళు కూడా. లారీ ఆగి ఉంది. గురువమ్మత్త వాసం మీద కూర్చుని పాట పాడుతోంది. కొత్త పాట, అప్పటికప్పుడు అల్లినది. పైసల పైడమ్మకి నిన్న నోట్లిచ్చినావు, మేం ఏం తక్కువ చేశాం, మాకూ ఇవ్వు అని. పైసల పైడమ్మ, పైసల పైడమ్మ అని మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూ అందుకుంటున్నారు. మేస్త్రి దిగి ఇచ్చాడు. చాలదన్నారు. మళ్ళీ ఇచ్చాడు. మేకపోతు కావాలన్నారు. కూలీలు పడీ పడీ నవ్వుతున్నారు. మేస్త్రికి కూడా నవ్వాగలేదు. "ఒక ఆడదానికి ఆశ పుడితే ఊరంతా అంటుకుంటాది," అన్నాడు. నేను దారి పక్కన నిలబడి ఏడ్చాను. నిన్న ఆమెని తిట్టినవాళ్ళు ఈరోజు ఆమె పేరు పాట కట్టి, ఆమె చేసిందే చేస్తున్నారు. అత్త నన్ను చూసింది. చూసి ఇంకా గట్టిగా పాడింది. ఆ రోజు ఆమెని నేను ఎంత అసహ్యించుకున్నానో మాటల్లో చెప్పలేను.

అప్పుడు పైన పేలింది. మామూలు చప్పుడు కాదు, రెండు కలిసిన చప్పుడు. పాట ఆగింది. మేస్త్రి తలెత్తాడు. గురువమ్మత్త లేచి, "పక్క కొండ గనిలో బాబూ, ఆళ్ళకి పండగ లేదు," అని చెప్పి వాసం ఎత్తింది. నేను ఇంటికి పరిగెత్తాను. అమ్మ గడప మీద లేదు, వీధి మధ్యలో నిలబడి కొండ వైపు చూస్తోంది. పేలడం విన్నది గాని మనిషి ఉన్నాడో లేడో తెలియదు. చాలాసేపటికి గెడ్డ అవతల చెట్ల మధ్య నెత్తీ ఒళ్ళూ తెల్లగా ఉన్న మనిషొకడు వంగి నీళ్ళలో దిగడం కనిపించింది. అమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది.

మేస్త్రి పైకి పోయి, రాయి విరిగి సిద్ధంగా పడి ఉండటం చూసి, పక్క కొండ పేలుడు అదురుకి దానంతటదే రాలిందని సంతోషించాడట. నాన్న గెడ్డలో కడుక్కుని అడవి దారిన పోయి వేటగాళ్ళలో కలిశాడు. మధ్యాహ్నం అందరూ ఉత్త చేతులతో దిగారు. పేడనీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నవ్వులూ పరుగులూ. నాన్న మాత్రం పరిగెత్తలేదు, అమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. అమ్మ కుండెడూ ఆయన నెత్తిన పోసింది. పోసి, ఖాళీ కుండ పక్కన పెట్టి, రెండు చేతులతో ఆయన గుండెల మీద గుద్దింది. అందరూ పండగ అనుకుని నవ్వారు. నాన్న కదలకుండా నిలబడ్డాడు.

పేరు మాత్రం ఉండిపోయింది. సంతలో, పెళ్ళిళ్ళలో, నీళ్ళ దగ్గర, అమ్మ పైసల పైడమ్మే. మేస్త్రి ఆ కథ లారీ వాళ్ళకీ, టీ కొట్ల దగ్గరా చెప్పి చెప్పి గుమ్మలక్ష్మీపురం దాకా పాకించాడు. నేను చదువుకునే హాస్టల్లో కూడా పైసల పైడమ్మ కూతురా అని అడిగారు. నాన్నతో నేను చాలా ఏళ్ళు సరిగా మాట్లాడలేదు. ఒక్క మాట చెప్పి ఆమె పేరు కడగలేకపోయాడని కోపం. చెబితే ఏమవుతుందో తెలిసీ కోపం. తర్వాత కోర్టులు, జెండాలు, మీటింగులు, గని మూత పడింది. లారీలు ఆగిపోయాయి. పనస ఆకులు మళ్ళీ పచ్చగా అయ్యాయి. గని మందు వాసన పోయింది గాని నాన్న ఊపిరితిత్తుల్లో రాతిపొడి పోలేదు. అప్పట్లో కూలి డబ్బులు చేతినిండా ఉండేవి, ఊపిరి ఉండేది కాదు. ఇప్పుడు గాలి బాగుంది, కాఫీ తోటలున్నాయి, పిల్లలు ఫొటోలు తీసేవాళ్ళకి నీళ్ళ సీసాలు అమ్ముతున్నారు. ఏది మేలో నన్నడిగితే చెప్పలేను. మేలనుకున్న ప్రతిసారీ ఆసుపత్రి మంచం మీద నాన్న దగ్గు గుర్తొస్తుంది, పాతదే నయమనుకుంటే ఆ తెల్ల రాయి మీద అమ్మ చెమట గుర్తొస్తుంది.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక గురువమ్మత్త పక్కన కూర్చున్నాను. ముసలిదైపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు. వంటల దగ్గర ఎవరో అమ్మని మళ్ళీ ఆ పేరుతో పిలిచారు. నాన్న లేని మొదటి రోజుల్లో కూడానా అని నాకు ఒళ్ళు మండింది. ఇక ఎవరికీ కేసు లేదు, కార్డు లేదు కదా అనుకుని, ఆ రోజు అమ్మ దేని మీద కూర్చుందో అత్తకి చెప్పేశాను. అత్త అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసింది.

"మాకు తెల్దనుకున్నావేటే?" అంది.

నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

"మొదటినాడు తెల్దు. తిట్టినాను కూడా. తెల్లారి సుత్తి సప్పుడిన్నాక తెలిసింది. పండగలో ఇనుము ముట్టేంత కట్టం మా అన్నకేటొచ్చిందా అనుకున్నాను. పైడమ్మ ఎవుల్నీ గింజడగని మనిసి, మేకపోతునెందుకడిగిందా అనుకున్నాను. అప్పుడే ఆడోళ్ళందర్నీ లేపినాను. లారీని అంతసేపాపింది మరెందుకే?" అంది. "ఇనుము ముట్టినోడికి తప్పెయ్యాల. మా మగోళ్ళకి ఒక్కర్తైనా సెప్పిందేటి?"

"మరి ఆ పేరు ఎందుకు పెట్టారత్తా?"

"నానే పెట్టినాను. పైసలకే కూకుందని మేస్త్రి నమ్మాల కదా."

"గని మూసేశాక మానెయ్యొచ్చు కదా."

"మానేత్తే మీ యమ్మకి తెలిసిపోద్ది."

"ఏం తెలుస్తుంది?"

"మాకు తెలుసని." అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఊరంతటికీ తెలీకుండా మొగుణ్ణి కాపాడుకున్నానని అదొక్కటే దానికి గొప్ప. ఆ గొప్పతోనే తలెత్తుకు తిరిగింది. ఇప్పుడు మొగుడు లేడు. అది కూడా తీసేత్తావేటి?"

అంతలో అమ్మ వాకిట్లోకి వచ్చింది. పొద్దుట్నించీ ఏమీ తినలేదు. అత్త గొంతెత్తి, "ఓలే పైసల పైడమ్మా, రెండు మెతుకులు తినవే," అంది.

"పైసలిత్తే తింటాను," అంది అమ్మ, తల కాస్త ఎత్తి.

ఆడవాళ్ళంతా నవ్వారు. వాళ్ళలో చాలామంది ఆనాడు వాసం దగ్గర చప్పట్లు కొట్టినవాళ్ళే. నేను ఒక్కొక్కరి ముఖమే చూశాను. అందరికీ తెలుసు.